గాలికొదిలిన లెక్క: అడవిలో మీథేన్ బోర్లు, అనుమతి కాగితాలు

బొగ్గు గురించి మన దగ్గర జరిగే చర్చ ఎక్కువగా ఉద్యోగం చుట్టూ తిరుగుతుంది. లేకపోతే దుమ్ము చుట్టూ, ఓపెన్‌కాస్టు మింగిన ఊళ్ల చుట్టూ తిరుగుతుంది. ఇవి చిన్న సంగతులేం కావు. అయితే బొగ్గుతోపాటు భూమిలోంచి బయటికొచ్చేది ఇంకొకటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రాయల్టీ రశీదు లేదు. అది మీథేన్ వాయువు. గని పైన ఉన్నది సర్కారు అడవి అయితే, ఆ వాయువును బయటికి వదిలే బోర్లు వేయడానికి సర్కారు అనుమతి కావాలి. ఆ అనుమతి ఎట్లా తయారవుతుంది, అందులో ఎవరి లెక్క ఎక్కుతుంది, ఎవరిది ఎక్కదు అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ఇందుకు మేం తీసుకున్నది అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉన్న వెస్ట్ ఎల్క్ అనే భూగర్భ గని. ఎక్కడి కొలరాడో, ఎక్కడి దళిత అధ్యయనాలు అని కొందరు మిత్రులు అడగొచ్చు. బాయిలోకి దిగేవాళ్ల ప్రాణం, అడవి నుంచి వెళ్లగొట్టబడ్డవాళ్ల హక్కు, ఆఫీసు కాగితంలో ఎక్కని నష్టం - ఈ మూడూ ఒకేచోట కలిసిన ఉదాహరణ ఇది. పైగా పన్నెండేళ్లకు పైగా దీని మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి గనుక అనుమతి కాగితం లోపలి కీలు కీలూ బయటపడ్డది. మన దగ్గర ఆ కీళ్లు ఫైళ్లలోనే ఉండిపోతాయి.

బాయిలో గ్యాసు

చెట్టూచేమా కోట్ల ఏళ్లు భూమిలో నొక్కుకుపోయి బొగ్గయ్యే క్రమంలోనే మీథేన్ కూడా పుడుతుంది. బొగ్గు పొరలోని సన్నటి రంధ్రాల్లో, పైనున్న రాతి బరువుకు అది అణిగి ఉంటుంది. బొగ్గు కోయగానే ఒత్తిడి పోయి గ్యాసు ఊరుతుంది. లోతుకు పోయినకొద్దీ మామూలుగా గ్యాసు ఎక్కువ. గాలిలో దాని పాలు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, బాయి మొత్తం పేలిపోతుంది. బొగ్గు దుమ్ము కూడా అంటుకుంటే ఇక చెప్పనక్కర లేదు.

ఈ వాక్యాల వెనక ఉన్న శవాలు తక్కువేం కాదు. 1907లో అమెరికాలోని మోనాంగాలో చనిపోయినట్టు లెక్కకెక్కినవాళ్లే 362 మంది. 2001లో అలబామాలోని బ్రూక్‌వుడ్‌లో 13 మంది, 2010లో వెస్ట్ వర్జీనియాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్‌లో 29 మంది పోయారు. మన దేశంలో 1958లో చినాకురి, 1965లో ధోరి, 2006లో ధన్‌బాద్ దగ్గర భట్డీ. భట్డీలో 50 మంది పోయారు. మన దేశంలో ఇట్లాంటి బాయిల్లో దిగినవాళ్ల కులం ఏమిటని ప్రమాదాల నివేదికలు రాయవు. సింగరేణిలో తట్టాచెమ్మస్ పట్టి బొగ్గు నింపినవాళ్లు ఎవరో, ఏ వాడల నుంచి వచ్చారో మన పాఠకులకు చెప్పాల్సిన పనిలేదు.

అందుకే చట్టాలు గ్యాసుకు హద్దులు పెట్టాయి. అమెరికాలో పని జరిగేచోట మీథేన్ 1 శాతానికి చేరితే యంత్రాలకు కరెంటు ఆపాలి, 1.5 శాతానికి చేరితే మనుషులు బయటికి రావాలి. మన నిబంధనల్లో ఆ గీత 1.25 శాతం. అంటే గ్యాసును బాయిలోంచి తీసేయడం కార్మికుడి ప్రాణానికి సంబంధించిన పని. గ్యాసు బయటికి పంపొద్దు అనే మాట బాయిలో ఎన్నడూ దిగనివాడి నోట్లోంచే వస్తుంది. ఈ సంగతి దగ్గర మాకు తడబాటు లేదు. కానీ గ్యాసు పైకి వచ్చిన తర్వాత దాన్ని ఏం చేయాలి అన్నది వేరే ప్రశ్న. ఈ రెండు ప్రశ్నల్ని కలిపేసి ఒకటిగా చూపించడం మీదనే అనుమతుల రాజకీయం నడిచింది.

వెస్ట్ ఎల్క్‌లో బొగ్గు తీసేది లాంగ్‌వాల్ పద్ధతిలో. పొడవాటి ప్యానెల్‌ను యంత్రం అడ్డంగా చెక్కుకుంటూ పోతుంది, దాని వెనక పైకప్పు కూలిపోతుంది. కూలిన ఖాళీని మన కార్మికులు గోఫ్ అంటారు. పైనున్న రాళ్లు పగిలి, చుట్టుపక్కల పొరల్లోని గ్యాసు కూడా ఆ గోఫ్‌లోకి దిగుతుంది. ఫ్యాన్లు తోసే గాలి దాన్నంతా పలచన చేయలేదు. అందుకని ప్యానెల్ వెంట పైనుంచి, అంటే అడవిలోంచి, బోర్లు దించి గోఫ్‌లోని గ్యాసును పైకి లాగుతారు. ఒక్కో బోరుకు కొంత చదును నేల కావాలి, చెట్లు కొట్టాలి, రిగ్గు రావడానికి రోడ్డు కావాలి. ప్యానెల్ ముందుకు జరిగినకొద్దీ బోర్లూ జరుగుతాయి. పాతవాటిని పూడ్చి గడ్డి చల్లుతారు.

ఫ్యాను గాలిలో వచ్చే మీథేన్ చాలా పలచన, దాన్ని పట్టుకోవడం కష్టం. బోరులోంచి వచ్చేది చిక్కన. దాన్ని పట్టి కరెంటు తీయొచ్చు, గొట్టంలో పంపొచ్చు, ఏదీ కాకపోతే కాల్చొచ్చు. కాలిస్తే కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. అదీ వాతావరణాన్ని వేడెక్కించేదే గానీ మీథేన్ అంతకాదు. 20 ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్ దానికన్నా 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. 100 ఏళ్ల లెక్కన 28 రెట్లు. కాల్చితే చాలావరకు తప్పే నష్టాన్ని కాల్చకుండా ఎందుకు వదిలారు?

ఎవరి అడవి

ఆ ప్రశ్నకు ముందు ఆ నేల సంగతి చూడాలి. గని పైనున్నది గన్నిసన్ జాతీయ అరణ్యం. అమెరికాలో దాన్ని 'ప్రజల భూమి' అంటారు. 1868 ఒప్పందం ప్రకారం కొలరాడో పశ్చిమ భాగం యూట్ జాతి ప్రజలది. 1873లో వెండి, బంగారం దొరికే కొండల్ని మరో ఒప్పందంతో తీసుకున్నారు. 1879లో మీకర్ అనే ఏజెంటుతో వచ్చిన ఘర్షణను సాకుగా చేసుకుని 1881లో అన్‌కంపాగ్రే, వైట్ రివర్ యూట్‌లను సైన్యం కాపలాతో యూటా ప్రాంతానికి తరిమారు. ఆ తర్వాతనే ఆ నేల 'పబ్లిక్' అయింది. అక్కడి పర్యావరణవాదులు రాసిన పిటిషన్లలో లింక్స్ పిల్లి ఉంటుంది, ఆస్పెన్ చెట్లుంటాయి, నడకకు వచ్చేవాళ్ల ప్రశాంతత ఉంటుంది. ఆ వాదనలు అబద్ధం కాదు. కానీ మనిషి అడుగు పడని అడవి అనే ఊహ, మనుషుల్ని వెళ్లగొట్టిన తర్వాత పుట్టిన ఊహ అని మనం గుర్తు పెట్టుకోవాలి.

ఇక కాగితం. ఒకే బోరుకు ఎన్ని ఆఫీసులో చూడండి. భూమి లోపలి బొగ్గును 1920 ఖనిజాల లీజు చట్టం కింద లీజుకిచ్చేది భూ నిర్వహణ సంస్థ. పైనున్న అడవికి ఒప్పుకోవాల్సింది అటవీశాఖ. బాయిలో గాలి ప్రసరణ ప్లానును ఆమోదించేది గనుల భద్రతా సంస్థ. గని పర్మిట్ వేరు, గాలి కాలుష్యం పర్మిట్ వేరు. బొగ్గు ఒకరి బల్ల మీద, చెట్టు ఇంకొకరి బల్ల మీద, గాలి మరొకరి బల్ల మీద. గ్యాసు మాత్రం ఎవరి బల్ల మీదా లేదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2008లో అటవీశాఖ ఈ గని కోసం అడవిలో వందకు పైబడి మీథేన్ బోర్లకు అనుమతిచ్చింది. గ్యాసును పట్టుకోమని ఎందుకు షరతు పెట్టలేదంటే, కంపెనీకి ఇచ్చింది బొగ్గు లీజు, గ్యాసు మీద దానికి హక్కు లేదన్నారు. హక్కు లేని గ్యాసును కంపెనీ అమ్ముకోకూడదు. కానీ గాలిలోకి వదలొచ్చు! పట్టుకుంటే దొంగతనం, పారబోస్తే భద్రత. 2009లో లీజులు సవరించి, గిట్టుబాటయితే పట్టుకోవచ్చని కంపెనీకి వీలు కల్పించారు. గిట్టుబాటు కాదన్నది కంపెనీ మాట. అది అక్కడితో ఆగింది. 2011లో ఫెడరల్ జిల్లా కోర్టు అటవీశాఖ అనుమతినే సమర్థించింది.

బొగ్గు వేరు గ్యాసు వేరు అన్న ఈ గీత ఎక్కడ పడ్డదో తెలుసుకుంటే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. అదే రాష్ట్రం నైరుతి మూలన సదరన్ యూట్ తెగ ఉంటుంది. 1909, 1910 చట్టాల కింద సర్కారు అక్కడి భూముల్ని వలస రైతులకు పట్టాలిచ్చి, లోపలి బొగ్గును మాత్రం తన దగ్గర ఉంచుకుంది. 1938లో ఆ బొగ్గును తెగకు తిరిగి ఇచ్చింది. తర్వాత అందులోంచి మీథేన్ తీసి అమ్ముకునే కాలం వచ్చింది. బొగ్గు మాదైతే అందులోని గ్యాసు కూడా మాదే కదా అని తెగవాళ్లు 1991లో కోర్టుకెక్కారు. 1999లో అమోకో కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. ఆ చట్టాలు చేసిన కాలంలో బొగ్గంటే జనం దృష్టిలో గట్టి రాయి మాత్రమేననీ, గ్యాసును ప్రమాదకరమైన వ్యర్థంగా చూసేవారనీ తేల్చింది. ఆదివాసులు గ్యాసు మాదంటే బొగ్గు వేరు, గ్యాసు వేరు. కంపెనీని గ్యాసు బాధ్యత అడిగినా బొగ్గు వేరు, గ్యాసు వేరు. ఒకే గీత, రెండుచోట్లా లాభం మాత్రం అటే.

మన దేశంలో ఈ గీత లేదనుకోవద్దు. మన దగ్గర బొగ్గు ఒక మంత్రిత్వ శాఖది, బొగ్గు పొరలోని మీథేన్ పెట్రోలియం శాఖది. తన లీజు ప్రాంతంలోనే ఆ వాయువును తీసుకునే వీలు కోల్ ఇండియాకు పెట్రోలియం శాఖ నోటిఫికేషన్‌తో 2018లో గానీ స్థిరపడలేదు.

సున్నా

వెస్ట్ ఎల్క్ పక్కనే సన్‌సెట్ అనే రోడ్లులేని అటవీ ప్రాంతం ఉంది. అట్లాంటి అడవుల్లో కొత్త రోడ్లు వేయకూడదని నియమం. బోర్లు వేయాలంటే రోడ్డు కావాలి గనుక, 2012లో కొలరాడో నియమావళి రాసినప్పుడు ఈ లోయలోని సుమారు 20 వేల ఎకరాలకు బొగ్గు కోసం మినహాయింపు రాశారు. ఆ వెంట సుమారు 1,700 ఎకరాల లీజు విస్తరణకు, 48 బోరు స్థలాలకు దారి పడింది.

ఆ అనుమతి పత్రంలోని లెక్కల పద్ధతి మన విద్యార్థులు ప్రత్యేకంగా చదవాలి. ఎంత బొగ్గు వస్తుంది, రాయల్టీ ఎంత, జీతాలు ఎంత, స్థానిక వ్యాపారం ఎంత - ఇవన్నీ డాలర్లలో రాశారు. వాతావరణానికి జరిగే నష్టం దగ్గరికి వచ్చేసరికి, అంచనా కట్టడం సాధ్యం కాదని మాటల్లో రాశారు. నిజానికి ఒక టన్ను కార్బన్ వల్ల సమాజానికి ఎంత నష్టమో లెక్కగట్టే పద్ధతిని అమెరికా ప్రభుత్వ శాఖలే 2010లో తయారుచేశాయి. ఇంకా విచిత్రం, ఆ లెక్క ముసాయిదా పత్రంలో ఉంది. తుది పత్రంలో తీసేశారు. 2014 జూన్‌లో జడ్జి బ్రూక్ జాక్సన్ ఆ అనుమతిని కొట్టేశారు. లాభాన్ని అంకెల్లో రాసి, పద్ధతి చేతిలో ఉండి కూడా నష్టాన్ని లెక్కించలేమనడం అంటే నష్టాన్ని సున్నా కింద రాసినట్టేనన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ సున్నా మనకు కొత్త కాదు. ఊరి జనాభాలో ఉండి నష్టపరిహారం జాబితాలో లేనివాళ్లు, పాలేరుతనం చేసి పట్టా లేనివాళ్లు, ముంపులో భూమి పోలేదు గనుక ఏమీ పోలేదని రాయించుకున్న కూలీలు - వీళ్లందర్నీ ఎవరూ బహిరంగంగా కాదనలేదు. అంకె వేయాల్సిన చోట వాక్యం రాశారు, అంతే.

అయితే లెక్క వేయగానే న్యాయం జరుగుతుందనుకోవడం కూడా అమాయకత్వమే. కోర్టు చెప్పినాక అటవీశాఖ లెక్క వేసింది. నష్టం అంకెల్లో కనిపించింది. కనిపించినా 2016 డిసెంబర్‌లో అదే మినహాయింపును తిరిగి తెచ్చింది, 2017లో లీజు విస్తరణకు మళ్లీ ఒప్పుకుంది. 2020 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు మినహాయింపును తప్పుబట్టింది. పైలట్ నాబ్ అనే భాగాన్ని దానిలోంచి వదిలేసే ప్రత్యామ్నాయాన్ని వివరంగా పరిశీలించలేదన్నది అందుకు కారణం. గ్యాసును కాల్చే ప్రత్యామ్నాయం విషయంలో మాత్రం, అది తర్వాతి దశలో చూడొచ్చన్న అధికారుల పక్షానే నిలిచింది. ఈ 'తర్వాతి దశ' గురించి ఒక్క మాట. లీజు ఇచ్చేటప్పుడు ప్లాను దశలో చూద్దామంటారు. ప్లాను దశలో లీజు ఇచ్చేశాం కదా అంటారు. ఆ ఏడాది జూన్‌లో, తీర్పు అమలు ఉత్తర్వు వెలువడక ముందే, కంపెనీ బుల్డోజర్లు సన్‌సెట్ అడవిలో దాదాపు మైలు రోడ్డు వేశాయి. వేసిన రోడ్డును ఏ తీర్పు వెనక్కి మడుస్తుంది?

అదే లోయలో ఇంకొక బాయి

గ్యాసు పట్టుకోవడం ఆ కొండల్లో కుదరదన్న మాటకు జవాబు అదే లోయలో ఉంది. సోమర్సెట్ దగ్గరే ఉన్న ఎల్క్ క్రీక్ గని మీథేన్‌తో 2012 నుంచి 3 మెగావాట్ల కరెంటు తీశారు. ఒక గ్యాసు కంపెనీ, ఒక విద్యుత్ సహకార సంఘం, ఆస్పెన్‌లో స్కీయింగ్ వ్యాపారం చేసే కంపెనీ కలిసి చేసిన పని అది. మంచు కరిగితే తమ వ్యాపారం పోతుందన్న భయం వాళ్లకుంది, పెట్టుబడి పెట్టారు. అలబామా గనుల్లో దశాబ్దాలుగా గ్యాసు పట్టి అమ్ముతున్నారు. చైనా 2008 నియమాల్లో, బోర్ల ద్వారా తీసిన గ్యాసులో మీథేన్ 30 శాతం ఉన్నా, మించినా ఊరికే వదలడాన్ని నిషేధించింది. ఆస్ట్రేలియాలో కాలుస్తారు. ఇదంతా చూసి పట్టుకుంటే చాలు బాయి భద్రమేనని మేం అనడం లేదు. 2001లో 13 మంది చనిపోయిన బ్రూక్‌వుడ్ గని గ్యాసు పట్టే గనే. యంత్రం ఉన్నంత మాత్రాన తనిఖీ ఉన్నట్టు కాదు.

కార్మికుల పేరు వాడుకోవడం ఇక్కడ ఎట్లా జరిగిందో చూడాలి. బోర్లను ప్రశ్నిస్తే, మీరు గని కార్మికుల ప్రాణాల మీదికి తెస్తున్నారన్నారు. లీజును ప్రశ్నిస్తే, సుమారు 300 ఉద్యోగాలు పోతాయన్నారు. ఆ లోయలో ఒకప్పుడు మూడు గనులుండేవి. ఎల్క్ క్రీక్ 2013లో మంటలొచ్చినాక మళ్లీ తేరుకోలేదు, బౌవీ 2016లో ఆగిపోయింది. వాటిలో పోయిన ఉద్యోగాలు బోర్లకు అనుమతి రాక పోయినవి కావు. మరోవైపు పర్యావరణ సంఘాల కాగితాల్లో కార్మికుడు ఎక్కడా మాట్లాడడు. ఇద్దరి వాదనలోనూ అతను వస్తువే. గ్యాసు పట్టే యంత్రం దగ్గర పని ఎవరికి, గని మూతపడితే జీతం ఎవరు ఇస్తారు అన్న ప్రశ్నలు ఎవరి పిటిషన్‌లోనూ అసలు ప్రశ్నలు కాలేదు.

ఈ సందర్భంలో బాబాసాహెబ్‌ను తలచుకోవడం లాంఛనం కోసం కాదు. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఆయన 1943 డిసెంబర్‌లో ధన్‌బాద్ వెళ్లి స్వయంగా బొగ్గుబాయిలోకి దిగారు. 1944 జనవరిలో బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్స్ వచ్చింది. గనుల నుంచి పోయే ప్రతి టన్ను బొగ్గు మీద సుంకం వేసి, ఆ డబ్బుతో కార్మికులకు ఇళ్లు, నీళ్లు, వైద్యం చూడాలన్నది దాని ఏర్పాటు. బొగ్గు వల్ల మనిషికి అయ్యే ఖర్చును దయాధర్మానికి వదలకుండా టన్ను ధరలోకి ఎక్కించిన పని అది. మీథేన్ విషయంలో అమెరికా చేయనిది సరిగ్గా ఇదే. అక్కడ భూగర్భ గనుల బొగ్గుకు చాలా ఏళ్లు 8 శాతం రాయల్టీ ఉండేది, 2025లో చేసిన చట్టం దాన్ని 7కి తగ్గించింది. వెస్ట్ ఎల్క్ బోర్లలోంచి గాలిలోకి పోయిన గ్యాసు మీద రాయల్టీ లేదు. 2022లో మీథేన్ మీద రుసుం వేస్తూ చట్టం చేసినప్పుడు చమురు, గ్యాసు కంపెనీలనే చేర్చారు, బొగ్గుగనుల్ని వదిలేశారు. ఆ రుసుమును కూడా 2025లో 2034 దాకా వాయిదా వేశారు. బొగ్గుగనుల్ని గాలి కాలుష్య చట్టం కిందికి తెమ్మని అడిగితే, నిధులు లేవు, ముందు వేరే పనులున్నాయి అని పర్యావరణ సంస్థ 2013లో కాదంది. కోర్టు ఆ మరుసటి ఏడాది దాన్ని ఒప్పుకుంది.

ఇప్పుడు దారి ఇంకా ఇరుకైంది. కార్బన్ నష్టం లెక్కగట్టే పద్ధతిని 2017లో పక్కనబెట్టారు, 2021లో తిరిగి తెచ్చారు, 2025 జనవరిలో మళ్లీ తీసేశారు. అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు, కొలరాడోలోని ఈగల్ కౌంటీ ఒక పక్షంగా ఉన్న కేసులో, పర్యావరణ పరిశీలన పత్రాల విషయంలో కోర్టులు అధికారుల నిర్ణయాన్ని బాగా గౌరవించాలని చెప్పింది. 2014 తీర్పు లాంటిది రావడం ఇకముందు కష్టం. గని యజమాని ఆర్చ్ కంపెనీ కూడా 2025 జనవరిలో కన్సోల్‌తో కలిసి కోర్ నేచురల్ రిసోర్సెస్ అనే కొత్త పేరు పెట్టుకుంది.

మన ఫైళ్లలో

సింగరేణి భూగర్భ గనుల్లో వెస్ట్ ఎల్క్ అంత గ్యాసు లేదు. మన నిబంధనల్లో గనుల్ని గ్యాసును బట్టి మూడు తరగతులు చేశారు. టన్ను బొగ్గుకు 1 ఘనపు మీటరు లోపు గ్యాసు వస్తే మొదటి తరగతి, 10 దాకా రెండోది, 10 దాటితే మూడోది. సింగరేణి గనులు ఎక్కువగా మొదటి తరగతి కింద నమోదైనవే. కానీ 2014లో మొదలైన అడ్రియాల ప్రాజెక్టుతో లాంగ్‌వాల్ పని లోతైన పొరల్లోకి దిగింది. లోతుకు పోయినప్పుడు పాత తరగతి మీద భరోసా పెట్టుకుని కూర్చోలేం.

అడవి సంగతీ అంతే. 1980 అటవీ చట్టం కింద భూమి మళ్లింపు ఫైలు ఒకటి, 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ ఇంకొకటి, 2006 అటవీహక్కుల చట్టం మూడోది. ఈ మూడో దాంట్లో మనవాళ్లకు ఒక చిక్కు ఉంది. అడవి అంచు గూడేల్లో ఆదివాసులతో కలిసి బతుకుతున్న దళితులు 'ఇతర సంప్రదాయ అటవీ నివాసుల' కింద వస్తారు. 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. చదువు, కాగితం రెండూ అందని తాతల పేరుతో రుజువు ఎక్కడి నుంచి తేవాలి? కంపెనీకి మాత్రం రాబోయే 30 ఏళ్ల బొగ్గును కాగితం మీద అంచనాగా చూపిస్తే సరిపోతుంది.

ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పూర్తి నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో సారాంశం మాత్రం ఇస్తారు. భూగర్భ గని ఫైలు ఎప్పుడైనా చేతికి వస్తే కార్యకర్తలు ముందుగా ఇంగ్లీషు నివేదికలో గ్యాసు తరగతి ఏమని రాశారో, టన్నుకు ఎన్ని ఘనపు మీటర్లన్న అంకె ఎప్పుడు, ఏ లోతులో కొలిచిందో చూడాలి. తర్వాత ఆ అంకె తెలుగు సారాంశంలో ఉందో లేదో చూడాలి. లాభాల పేజీలో అంకెలెన్ని, నష్టాల పేజీలో అంకెలెన్ని అని వరసగా లెక్కపెట్టి, ఆ రెండు సంఖ్యల్ని సభలో మైకు అందగానే చదివి, మినిట్స్‌లో రాయించాలి. మినిట్స్‌లో ఎక్కిన ప్రశ్నకు తుది నివేదికలో జవాబు రాయక తప్పదు.